ఓర్కాల వంశావళి

దాచేపల్లి నుండి పిడుగురాళ్ళకు పోవు త్రోవలో ప్రయాణించినవారికి నాపరాతి గనులును, సున్నపు బట్టీల పొగయు, బాటప్రక్క చెట్ల ఆకులమీద పేరుకొన్న తెల్లని ధూళియు చిరపరిచితములు. ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి పొరకు అడుగున సున్నపురాయి పఱచుకొని యున్న ఈ సీమ సముద్రమునకు ఇంచుమించు నూఱు కిలోమీటర్ల దూరమున నున్నది. కార్తికమాసమున సూర్యలంకకు స్నానమునకు పోయినపుడు తప్ప కడలి మొగము చూడని కుటుంబములు ఇచ్చట ఎన్నియో కలవు. అట్టి సీమవారికి ఓర్కాలను గూర్చి చెప్పబూనుట అప్రస్తుతమని తోపవచ్చును గాని, ఆ సముద్రజీవులను ఒడ్డుమీద నిలుచుండియే చూడదగిన స్థలములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఒకటి, మన పిడుగురాళ్ళ వలెనే, సున్నపు బట్టీల చోటు. అమెరికా దేశపు వాయవ్యపు మూలను, వాషింగ్టన్ రాష్ట్రమున, కెనడా సరిహద్దునకు ఎదురుగా నున్న సాన్ హువాన్ ద్వీపము పశ్చిమతీరమున 1860 ప్రాంతమున సున్నపురాతిని కాల్చు బట్టీలు వెలసినవి. వానిని బట్టియే ఆ రాతిమొనకు లైమ్ కిల్న్ పాయింట్ అని పేరు వచ్చినది. 1919లో అచ్చట దీపస్తంభము వెలిగినది. బట్టీలు ఆఱిపోయి చాలకాలమైన పిదప ఆ చోటు ప్రభుత్వోద్యానమై, తిమింగలములను చూడ వచ్చువారికి విడిదియైనది. ఆ రాతిగట్టుక్రింద నీరు మిక్కిలి లోతగుటచే ఓర్కాలు ఒక్కొక్కప్పుడు ఒడ్డునకు కొన్ని గజముల దూరముననే సాగిపోవును.

సియాటిల్ నగర పరిసరములగు రెడ్మండ్, బెల్‌వ్యూ, బాథెల్ మొదలగు ఊళ్ళలో కంప్యూటరు కొలువులు చేయుచు కాపురములున్న తెలుగువారు నేడు వేలకొలది. గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాల నుండి వారి తలిదండ్రులు వేసవిలో పోయి కొన్ని నెలలు పిల్లల యొద్ద గడపి వచ్చుట పరిపాటి యైనది. అనకోర్టిస్ రేవులో కార్లతో సహా ఓడ నెక్కి ఫ్రైడే హార్బరులో దిగి ఈ మొనకు చేరినవారిలో పలువురు, నీటిపై నల్లని రెక్కయొకటి లేచి మునుగుట చూచి, ఫోను తీయులోపల అది మాయమగుటచే నిరాశతో తిరిగి వచ్చెదరు. ఆ రెక్కలో చదువదగినది ఎంత యున్నదో ముందుగా తెలిసియున్నచో ఆ క్షణమాత్రపు దర్శనమే గొప్ప సంపదగా తోచును. ఈ వ్యాసము అట్టివారిని ఉద్దేశించినది.

ఓర్కాకు కిల్లర్ వేల్ అను పేరు లోకమున రూఢమైనది. తిమింగలమని వ్యవహారమేగాని అది డాల్ఫిన్ల కుటుంబమునకు చెందినది, ఆ కుటుంబమున కెల్ల పెద్దది. 1758లో లినేయస్ దానిని శాస్త్రీయముగ నామకరణము చేసినపుడు సైతము డాల్ఫిన్లలోనే చేర్చెను. ఎదిగిన మగది ఎనిమిది మీటర్లవఱకు పెరుగును. దాని వీపురెక్క నిటారుగ మనిషియెత్తు, అనగా 1.8 మీటర్లవఱకు, లేచి నిలుచును. ఆడుదాని రెక్క అందు సగమే యుండి కొడవలివలె వెనుకకు వంగియుండును. ఇందొక చిక్కు కలదు: మగపిల్లల రెక్కయు యౌవనారంభము వఱకు తల్లి రెక్క తీరుననే యుండును గావున, పొట్టి రెక్క గలదెల్ల ఆడుదని నిర్ణయింపరాదు. దేహము కాటుకనలుపు, గడ్డము, పొట్ట తెలుపు, కంటికి పైన వెనుకగా కోడిగ్రుడ్డు ఆకారమున తెల్లని మచ్చ యొకటి. దూరమునుండి చూచువారు ఆ మచ్చనే కన్ను అనుకొందురు; అసలు కన్ను దానికి ముందు నల్లదనములో కనబడక యుండును. వీపురెక్క మొదటికి వెనుక, వెన్నునకు ఇరుప్రక్కల వ్యాపించిన బూడిదరంగు మచ్చను శాస్త్రజ్ఞులు జీనుమచ్చ యందురు. పసికూనల తెల్లని భాగములు కొన్ని నెలలవఱకు నారింజవన్నె దేఱి యుండును.

సాన్ హువాన్ జలములందే డాల్స్ పార్పస్ అను చిన్న జంతువు కలదు. నలుపు తెలుపుల చర్మముతో, రెండు మీటర్ల పొడవుతో, నీటిని చిమ్ముచు మిక్కిలి వేగముగ పాఱు దానిని చూచి, పిల్ల ఓర్కాను చూచితిమని సంబరపడి ఇంటికి పోవువారు కలరు. పిల్ల ఓర్కా తల్లిని విడిచి ఒంటరిగా తిరుగదని గుర్తుంచుకొన్నచో ఈ పొరపాటు కలుగదు.

జాతిని గుర్తించుట సులభమే. వ్యక్తిని గుర్తించుట మఱియొక విద్య. ఆ విద్య పుట్టిన కథ చెప్పుటకు ముందు, అది పుట్టకపూర్వము మానవుడు ఈ జంతువుపట్ల ప్రవర్తించిన తీరు కొంత చెప్పక తీఱదు. బ్రిటిష్ కొలంబియా తీరపు జాలరులకు ఓర్కా యన్నచో సాల్మన్ చేపలను దోచుకొను దొంగ. సామాన్య ప్రజలకు, నరమాంసభక్షకి యగు రాక్షసి. స్వేచ్ఛాజలములలో ఓర్కా మనిషిని చంపినట్లు నమ్మదగిన దాఖలా యొకటియు లేకున్నను ఆ భయము తగ్గలేదు. 1961లో కెనడా మత్స్యశాఖవారు సీమోర్ నారోస్ అను ఇఱుకు జలసంధియొద్ద, అటుగా వచ్చు ఓర్కాలను కాల్చుటకు మరతుపాకిని ప్రతిష్ఠించిరి. ఆ వేసవిని అవి అటు రాకపోవుట వలననో, కార్చిచ్చు భయము వలననో, ఆ తుపాకి ఒక్క గుండైనను ప్రేల్చలేదు. ప్రభుత్వపు తుపాకి మాట యటుండ, పడవలవారి తుపాకులు మాత్రము పలుమాఱులు ప్రేలినవి. తరువాతి కాలమున పట్టుబడిన ఓర్కాలలో నాలుగవ వంతు దేహములపై గుండ్ల మచ్చలు కానవచ్చినవి.

1964లో వాంకూవరు నగరపు జలజంతుశాలవారు తమ భవనమున నిలుపుటకు ఓర్కా విగ్రహము చెక్కింపదలచి, కొలతల నిమిత్తము ఒక ఓర్కాను చంపి తెమ్మని శిల్పిని పంపిరి. శామ్యూల్ బ్యూరిచ్ అను ఆ శిల్పి సాటర్నా ద్వీపము తీరమున బల్లెమును గుఱిచూచి వేసెను. బల్లెము నాటినను జంతువు చావలేదు. దానిని త్రాటితో లాగికొని వచ్చి రేవులో బంధించి, ఆడుదని భావించి మోబీ డాల్ అని పేరిడిరి. మూడునెలలకు అది చనిపోయిన పిమ్మట గాని మగదని తెలియలేదు! కన్నులెదుట నెలలతరబడి కదలాడిన జంతువు ఆడుదో మగదో పోల్చుకొన లేనంతటిది ఆనాటి విజ్ఞానము. అయినను ఆ మూడునెలలలో జనము వేలకొలదిగ వచ్చి, రాక్షసి యనుకొన్నది సాధువుగ నుండుట చూచి ఆశ్చర్యపడిరి. విచారకరమైన విషయమేమనగా ఆ ఆశ్చర్యమునుండి దయకు ముందు వ్యాపారము పుట్టినది. సజీవమైన ఓర్కాలకు ప్రదర్శనశాలలలో గిరాకి పెరిగినది. 1970 ఆగస్టున విడ్బీ ద్వీపమునందలి పెన్ కోవ్ అను అఖాతములోనికి మరపడవలతోను, ప్రేలుడు పదార్థములతోను ఎనుబది ఓర్కాలను తఱిమి, పిల్లలను తల్లులనుండి వలలతో విడదీసి, ఏడింటిని అమ్మిరి. కొన్ని పిల్లలు వలలలో చిక్కి ఊపిరాడక చచ్చినవి. అమ్ముడుపోయిన వానిలో టోకిటే యను ఆడుపిల్ల మయామి నగరపు కొలనులో అర్ధశతాబ్దికి మించి యుండి 2023 ఆగస్టున మరణించినది.

ఇన్నింటిని పట్టుకొనిపోయినను సముద్రమున వేలకొలది మిగిలి యున్నవి గదా యని అందఱు తలచుచుండిరి. వేలు అను సంఖ్య ఎవరు లెక్కించిరి? ఎవరును లేదు. ఆ ప్రశ్న వేసిన పుణ్యము మైకేల్ బిగ్ అను యువశాస్త్రజ్ఞునిది. 1939లో లండనులో జన్మించి కెనడాలో పెరిగిన ఆయన నెనైమో పట్టణమునందలి పసిఫిక్ జీవశాస్త్ర పరిశోధన కేంద్రమున సముద్రక్షీరదముల శాఖ చూచుచుండెను. తనకు పెద్ద నౌకగాని, ధనముగాని లేవు. కావున 1971లో ఆయన దీపస్తంభముల కాపరులకు, జాలరులకు, ఓడ నడుపువారికి, విహారపు పడవలవారికి వేలకొలది ప్రశ్నపత్రములు పంచి, జులై 26వ తేదీని ఎవరెవరు ఎచ్చట ఎన్ని ఓర్కాలను చూచిరో వ్రాసి పంపుడని కోరెను. ఒకేనాడు లెక్కించుటచే ఒక గుంపు రెండుచోట్ల లెక్కకు వచ్చు దోషము చాలవఱకు తొలగును. పత్రములన్నియు కూడబెట్టి చూడగా బ్రిటిష్ కొలంబియా తీరమందు ఓర్కాల సంఖ్య 350కి మించదని తేలినది. శాస్త్రచరిత్ర వ్రాయువారు బిగ్ మహాశయుని కెమెరాను కొనియాడుదురు గాని, నా దృష్టిలో ఆ ప్రశ్నపత్రమే ఆయన మొదటి ఘనకార్యము. తీరవాసుల కన్నులను నమ్మి, వానినన్నింటిని ఒకే దినమున ఒకే దిశకు త్రిప్పుట సామాన్యమైన ఊహ గాదు.

ఆ సంఖ్యను అధికారులు వెంటనే విశ్వసింపలేదు. ఒక్కొక్క జంతువును వేఱువేఱుగ గుర్తింపగలిగిననేగాని వివాదము తీఱదు. అంతలో ఆయనయు సహచరులును జాన్‌స్టన్ జలసంధియందు రెక్క పైభాగము తెగి మొండిగ మిగిలిన ఒక ఆడు ఓర్కాను చూచిరి. మరల మరల దానినే చూచిరి. స్టబ్స్ అని పేరిడి తరువాత పట్టికలో ఏ-1 అని సంఖ్య నిచ్చిరి. తెగిన రెక్కను గుర్తించుటకు పాండిత్య మక్కఱలేదు. తక్కిన వాని మాట యేమి? ఎడమప్రక్కనుండి తీసిన నలుపు తెలుపు ఛాయాచిత్రముల నెగటివులను భూతద్దము క్రింద పరిశీలింపగా, తెగని రెక్కలకు సైతము అంచున చిన్న గంట్లు, చీలికలు, ఒఱిపిడి గీతలు కలవనియు, అన్నింటికంటె ముఖ్యముగ జీనుమచ్చ ఆకారము ఏ రెండింటికిని సమముగ నుండదనియు తేలినది. ఒంగోలు గిత్తల జోళ్ళన్నియు పరులకు ఒకే తెలుపుగ కనబడినను, బండలాగుడు పందెమునకు వచ్చిన పల్నాటి రైతు మూపురపు ఒఱగును కొమ్ము విఱుపును చూచి ఇది ఫలానావారి ఎద్దని దూరమునుండియే చెప్పుట లేదా? శాస్త్రజ్ఞుడు చేసినది ఆ పనియే. ఆయన ఎఱుకను ఫిలిములో నిలిపి, ఎవరైనను సరిచూడదగిన సాక్ష్యముగ మార్చెను.

న్యాయముగ చెప్పవలెనన్న ఈ ఎఱుక ఆయనతో మొదలు కాలేదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ దక్షిణతీరమందలి ఈడెన్ ఊరిలో తిమింగలముల వేటాడు డేవిడ్సన్ కుటుంబమువారును, వారితో పడవలు తోలిన యూయిన్ ఆదివాసులును, తమకు వేటలో తోడ్పడు ఓర్కాలను రెక్కలను బట్టి గుర్తించి పేర్లు పెట్టి పిలిచిరి. వానిలో ఓల్డ్ టామ్ అనునది 1930లో చచ్చి ఒడ్డునకు కొట్టుకొని రాగా దాని అస్థిపంజరమును ఆ ఊరి మ్యూజియమున నేటికిని భద్రపఱచి యున్నారు. మన నల్లమలలో, నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యమున, చెట్లకు కట్టిన కెమెరాలు తీయు చిత్రములలో చారలను సరిపోల్చి పులులను లెక్కించుటయు ఈ సూత్రమును బట్టియే. ఆ అడవి అంచులు పల్నాటి సీమను తాకుచునే యున్నవి. ప్రకృతి వేసిన ముద్ర యుండగా కాల్చి వాత పెట్టనేల, పట్టి బిళ్ళ కట్టనేల?

ఒక్కొక్కదానిని గుర్తించుట చేతనైన పిదప బయటపడినవి లెక్కకు మించిన సంగతులు. ఏయేటి కాయేడు చిత్రములు తీయుచు పోగా, ఒక ఆడుదాని ప్రక్కన నీదు పిల్ల పదేండ్లకును ఆ ప్రక్కనే యుండెను. ఇరువదేండ్లకు మనిషియెత్తు రెక్కతో మహాకాయమైన మగదై, ఇంకను తల్లి ప్రక్కనే యుండెను. ఈ తీరమున చేపలు తిను ఓర్కాలలో కొడుకుగాని కూతురుగాని జీవితాంతము తల్లిని విడిచి పోరు. మగవి జతకూడుటకు ఇతర కుటుంబములయొద్దకు పోయినను మరల అమ్మ గుంపునకే తిరిగి వచ్చును. కావున వాని వంశవృక్షము తల్లినుండి కూతునకు, కూతునుండి మనుమరాలికి దిగును. తల్లియు సంతానమును ఒక కుటుంబము. చుట్టఱికము గల కుటుంబములు కొన్ని కలిసి ఒక మంద. సాన్ హువాన్ ద్వీప పరిసరములను మరగినవి జె, కె, ఎల్ అను మూడు మందలు. మందకు అక్షరము, జంతువునకు అంకె. జె-35 అన్నచో జె మందలో 35వ సంఖ్య గలది. ప్రతి మందకును ముదుసలి ఆడుదే త్రోవ చూపును. నాయకురాలు నాగమ్మ కథ వినుచు పెరిగిన పల్నాటివారికి ఈ యేర్పాటు వింత గొలుపదు.

ఆడు ఓర్కాలు నలువదేండ్ల ప్రాంతమున పిల్లలను కనుట మానివేసియు దశాబ్దములు జీవించును. క్షీరదములలో ఇట్టి జీవితము మిక్కిలి అరుదు. 2012లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, ముప్పదేండ్లు దాటిన మగ ఓర్కాకు తల్లి చనిపోయిన తరువాతి సంవత్సరమున మరణాపాయము పదునాలుగు రెట్లు పెరుగును. సాల్మన్ కఱవైన ఏండ్లలో ముసలివే ముందు నడచి మేతచోటులకు దారి చూపునని 2015లో మఱియొక పరిశోధన చూపినది. ఈ నిర్ణయములకెల్ల ఆధారము, 1970ల నుండి ఒక్క యేడును విడువక పేర్చిన రెక్కల చిత్రములే.

బిగ్ కనుగొనిన మఱియొక విశేషము ఇంతకంటెను ముఖ్యమైనది. కొన్ని ఓర్కాలు మూడు నాలుగు మాత్రమే కూడి, రాతిగట్లను ఒఱసికొనుచు, చప్పుడు చేయక తిరుగుట ఆయన చూచెను. మొదట వానిని మందలనుండి వెలివేయబడినవిగా తలచెను. క్రమముగ అవి వేఱు తెగ యని తెలిసినది. స్థిరవాసులని పేరొందిన మొదటి తెగ చేపలనే తినును. అందును చినూక్ అను పెద్ద సాల్మన్ మీదనే మక్కువ. సంచారులని పేరొందిన ఈ రెండవ తెగ చేప నంటదు. సీల్, నీటిసింహము, పార్పస్ మొదలగు వెచ్చని నెత్తురు గల జంతువులే దాని ఆహారము. రెండును ఒకే జలసంధిలో ఈదుచు, ఒకదానితో నొకటి కలియక, సంబంధము లాడక, లక్షలయేండ్లుగ వేఱుగ నున్నవని జన్యుపరీక్షలు తెలుపుచున్నవి. వీనిని రెండు వేఱువేఱు జాతులుగ పరిగణింపవలెనని 2024లో కొందఱు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. 1990లో కాలధర్మము నొందిన ఆ శాస్త్రజ్ఞుని గౌరవార్థము సంచారులను నేడు బిగ్ ఓర్కాలని పిలుచుచున్నారు.

ఒడ్డున నిలిచిన ప్రేక్షకుడు ఈ రెండింటిని పోల్చుకొనుట అసాధ్యము గాదు. స్థిరవాసి రెక్క కొన గుండ్రదేఱి యుండును, సంచారి రెక్క కొన వాడిగ నుండును. స్థిరవాసుల జీనుమచ్చలో తఱచుగ నల్లని పాయ చొచ్చుకొని వచ్చును. సంచారి మచ్చ అట్టి పాయ లేక నిండుగ నుండును. పది పదునైదు రెక్కలు చెదరి, నీటిని చఱచుచు, ఎగురుచు కలకలముగ పోవుచున్న గుంపు బహుశః స్థిరవాసులది. నాలుగైదు రెక్కలు కూడబలుకుకొన్నట్లు ఒక్కసారిగ మునిగి ఐదాఱు నిమిషములకు పైగా జాడ లేక, అనుకొనని చోట తేలినచో అవి సంచారులు. దుర్భిణి నీటిపై నుంచి, మునిగిన చోటున గాక అవి పోవు దిక్కున ముందునకు చూచువానికే రెక్క దొరకును. నీలాకాశము కంటె మబ్బు పట్టి గాలి లేని దినము మేలు. అప్పుడు నీటి తళుకు కన్నును మోసపుచ్చదు, ఊపిరి విడిచిన ఆవిరి చిమ్ము మైలు దూరమునకు తెలియును. ఆ ఊపిరి చప్పుడు కన్నుకంటె ముందు చెవికి తగులుటయు కలదు.

చెవి మాట వచ్చినది కావున మఱియొక ముక్క. జాన్ ఫోర్డ్ అను శాస్త్రజ్ఞుడు 1970ల చివర నీటిలోనికి మైకులు దించి ఓర్కాల కూతలను రికార్డు చేసి, ఒక్కొక్క మందకు పదిపండ్రెండు రకముల నియతమైన కూతలు కలవనియు, మందకు మందకు అవి భేదించుననియు చూపెను. కుటుంబములు ఎంత దగ్గఱి చుట్టములో కూతలంత దగ్గఱగ నుండును. పిల్లలు వానిని తల్లియొద్ద నేర్చుకొనును. కావున చీకటిలో, పొగమంచులో, రెక్క కానరానపుడు సైతము కంఠమును బట్టి ఇది ఫలానా మంద యని చెప్పవచ్చును. లైమ్ కిల్న్ దీపస్తంభము క్రింద సముద్రమునందును అట్టి మైకు అమర్చి యున్నారు. సంచారులు మాత్రము వేటవేళ మౌనవ్రతము పూనును. చేపల చెవికి ఓర్కా కూత సోకదు గాని సీల్ చెవికి సోకును గదా!

సాన్ హువాన్ పరిసరపు ఆ మూడు మందలను అమెరికా ప్రక్కనుండి లెక్కించు పని 1976లో కెన్ బాల్కమ్ అను శాస్త్రజ్ఞుడు చేపట్టెను. బిగ్ మార్గముననే ఛాయాచిత్రములతో లెక్కింపగా తేలినవి డెబ్బది ప్రాంతము మాత్రమే. ప్రదర్శనశాలల నిమిత్తము ఆ మందలనుండి పోయినవి, చచ్చినవానితో కూడ, నలుబదికి పైగా నున్నవని అప్పుడు లోకమునకు అర్థమైనది. అందును ఎక్కువ భాగము పసివే. ఒక తరమంతయు లోపించినది. వాషింగ్టన్ జలములలో ఓర్కాల పట్టివేత ఆ సంవత్సరముతోనే నిలిచిపోయినది. బాల్కమ్ స్థాపించిన తిమింగల పరిశోధన కేంద్రము, ఆయన 2022 డిసెంబరులో గతించిన తరువాత కూడ, ఏటేట ఆ లెక్క సాగించుచునే యున్నది. 1995లో 98 వఱకు పెరిగిన సంఖ్య మరల తగ్గి డెబ్బది చిల్లరకు దిగినది. 2005లో అమెరికా ప్రభుత్వము ఈ మందలను అంతరించు ప్రమాదమున నున్నవిగా ప్రకటించెను.

ఈ విద్యకును హద్దులు కలవని మఱువరాదు. జె-2 అను ముదుసలిని గ్రానీ యని, అనగా నాయనమ్మ యని, పిలిచి, ఆమెకు నూఱేండ్లు దాటినవని పత్రికలు విరివిగ వ్రాసినవి. చిత్రములు మొదలగునాటికే ఆమె ఎదిగిన ఆడుది. అంతకు ముందటి వయసు ఊహ. 2016 తరువాత ఆమె కనబడలేదు. పిమ్మట శాస్త్రజ్ఞులు సాక్ష్యములు తిరుగవేసి, ఆమె ఆయుర్దాయమును 65కును 80కిని నడుమకు దించిరి. మొదటి చిత్రమునకు పూర్వము జరిగినదానికి కెమెరా సాక్షి కాజాలదు.

జె-35 ఉదంతము లోకము నెల్ల కదలించినది. తహ్లెక్వా యను ఆ తల్లి 2018 జులైలో కనిన పిల్ల పుట్టిన కొద్దిసేపటికే చనిపోగా, ఆ శవమును తలపై మోయుచు, జాఱిపోయినపుడెల్ల మునిగి ఎత్తికొనుచు, పదునేడు దినములు వేయి మైళ్ళ వఱకు ఈదెను. 2025 ఆరంభమున మఱియొక పిల్లను పోగొట్టుకొని మరల అట్లే చేసెను. దానిని దుఃఖమనవచ్చునా యని పండితులు తర్కించుచున్నారు. ఆ తర్కము తేలునో తేలదో గాని, రెండుమాఱులు అట్లు మోసినది ఒక్క తల్లియే యని మనము చెప్పగలుగుట రెక్క చదువు వలననే. ఆ చదువు లేనిచో అవి రెండు వేఱు వార్తలుగ మిగిలియుండెడివి.

ఈ మూడు మందలు క్షీణించుటకు కారణములలో మొదటిది ఆకలి. చినూక్ సాల్మన్ మన పులస వలె సముద్రమున పెరిగి గ్రుడ్లు పెట్టుటకు నదిలోనికి ఎదురీదును. ఆనకట్టలు, అడవుల నఱకుట, అతివేట కలిసి నదులలో దానిని తఱుగజేసినవి. ఓడల మ్రోత రెండవది. ఓర్కా శబ్దమును పంపి దాని ప్రతిధ్వనితో చేపను వెదకును గావున మ్రోతలో అది గ్రుడ్డిదగును. క్రొవ్వులో పేరుకొను పారిశ్రామిక విషములు మూడవది. ఇందుచే వాషింగ్టన్ రాష్ట్రము 2025 జనవరి నుండి ఈ మందలకు వేయి గజముల లోపలికి పడవలు పోరాదని శాసించినది. ఒడ్డుననున్న వారి కన్నులు వానికి ఏ బాధయు కలిగింపవు కావున లైమ్ కిల్న్ వంటి మొనలకు విలువ మఱింత పెరిగినది. 1972లో సముద్రక్షీరదముల రక్షణకు అమెరికాలో చట్టము వచ్చిన పిదప సీల్స్ విస్తారముగ పెరుగగా వానిని తిను సంచారి ఓర్కాలు వృద్ధినొందుచున్నవి. నేడు వేసవిలో అటుపోవు మనవారి కంటబడునవి స్థిరవాసులకంటె ఆ వాడికొన రెక్కలవే యగుట అధికము.

ఇక మన కడలి మాట. ఓర్కా లోకమునందలి సముద్రముల నన్నింట తిరుగును, హిందూమహాసముద్రమును వర్జింపలేదు. శ్రీలంక జలములలో ఓర్కాలు స్పెర్మ్ తిమింగలముల గుంపుపై బడిన దృశ్యములు నమోదైనవి. ఆ దేశమున తిమింగలములను చూడపోవు యాత్రికుల పడవలనుండి లభించిన చిత్రములను కూర్చి ఓర్కా ప్రాజెక్ట్ శ్రీలంక యను బృందము ఒక పట్టిక సిద్ధపఱచినది. అందలి ఓర్కా చిత్రము అబూ ధాబీ తీరమున తీసిన చిత్రముతో సరిపోవుటచే, ఇచ్చటి ఓర్కాలు అరబ్బు సముద్రమును దాటి వేల కిలోమీటర్లు సంచరించునని తేలినది. అమెరికా తీరమున ఏబదియేండ్లుగ పెద్ద బృందములు చేసిన పనికి ఇచ్చట ఇది నాంది మాత్రమే.

నిజాంపట్టణము, సూర్యలంక, కాకినాడ, విశాఖపట్టణము రేవుల నుండి బయలుదేఱు మరపడవలవారికి లోతు నీళ్ళలో ఎప్పుడైన నిటారైన నల్లని రెక్కయు, దాని వెనుక బూడిద మచ్చయు కనబడవచ్చును. అప్పుడు చేయవలసినది స్వల్పము. మరను తగ్గించి, తఱుమక, రెక్కయు మచ్చయు కలిసి వచ్చునట్లు ఎడమప్రక్కను, వీలైనచో కుడిప్రక్కను చిత్రము తీయవలెను. ఎన్ని కలవో, వానిలో పొడుగు రెక్కలు ఎన్నియో, పిల్లలు కలవో లేవో గుర్తింపవలెను. జీపీయస్ చూపు స్థానమును, తేదీని, వేళను వ్రాసికొనవలెను. విశాఖపట్టణమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి ప్రాంతీయ కేంద్రము కలదు. చిత్రమును అచ్చటికి చేర్పవచ్చును. చిత్రము మసకగ నున్నను సిగ్గుపడ నక్కఱలేదు. నెనైమోలో మొదటి సంవత్సరముల నెగటివులలో మసకవి అనేకము. వానిని పాఱవేయక దాచుటచేతనే పిమ్మట స్పష్టమైన చిత్రములు వచ్చినపుడు పాతవానిలోని రెక్కలకును పేర్లు దొరకినవి.